వోచరు లేని తీర్పు

బ్యాంకులో చేరిన కొత్తలో మా పెద్ద అకౌంటెంటు గారు నాకు ఒకే ఒక పాఠం చెప్పారు: వోచరు లేని పద్దు ఉండకూడదు, సంతకం లేని వోచరు ఉండకూడదు. రూపాయి కొట్టివేసినా సరే, ఎవరు కొట్టివేశారు, ఎందుకు కొట్టివేశారు అన్నది కాగితం మీద కనబడాలి. బి.కాం.లో చదివిన చదువంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఈనాడు అదే బల్ల దగ్గర కూర్చుని సంతకం లేని తీర్పులు జనానికి వినిపిస్తున్నాను. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది హోసూరు ప్రాంతం. పోయిన ఏడాది ఒక అవ్వ పాడి ఆవు అప్పు కోసం వచ్చింది. పేరు గంగమ్మ అనుకోండి. మా ఖాతాలో గంగమ్మే. రేషను కార్డు తమిళంలో ఉంది. తమిళ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. దాన్ని చూసి ఇంగ్లీషులోకి ఎక్కించినవారు 'కంగమ్మ' అని ఎక్కించారు. పాత భూమి పత్రంలో ఇంటిపేరు ఉంది, కొత్త కార్డులో భర్త పేరు తొలి అక్షరం ఉంది. ఒక మనిషి మూడు కాగితాల్లో ముగ్గురైంది. కంప్యూటరు పోల్చి చూసి కాదంది.

"సిస్టమ్ ఒప్పుకోవడం లేదవ్వా" అన్నాను.

"సిస్టమ్ అంటే ఎవరు సామీ? ఆయప్ప ఎక్కడుంటాడో చెప్పు, నేనే పోయి అడుక్కుంటా" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆమె నాకు ఏళ్ల తరబడి తెలిసిన మనిషి. తెలిసి తెలిసి పంపేశాను. కాగితాలన్నీ సరిచేయించుకుని వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. బేరమాడిన ఆవు అప్పటికే అమ్ముడుపోయింది. ఈ పాపంలో నా వాటా నేను ఒప్పుకుంటున్నాను.

ఇది ఒక్క హోసూరు గోల కాదు. షోలాపూరులో మనవాళ్ల ఇంటిపేరు చివరికి పోతుంది, నడుమ తండ్రి పేరు వస్తుంది. బరంపురంలో ఒడియా కాగితం ఒక తీరు, ఇంట్లో పిలుపు ఇంకో తీరు. రెండు లిపుల మధ్య బతికే మనమే ఈ యంత్రానికి మొదట దొరికిపోతాం.

పోనీ, తెలుగు గడ్డ మీద ఉన్నవారైనా సుఖంగా ఉన్నారా? 2014-2019 మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. పేర్లూ చిరునామాలూ పోల్చి అనర్హులను ఏరే 'సమగ్ర వేదిక' అనే ఏర్పాటును అక్కడ వాడారు. రిక్షా తొక్కినవాడి కుటుంబాన్ని కారు యజమాని కుటుంబంగా లెక్కగట్టి బియ్యం ఆపిన ఉదంతం బయటపడింది. 2022లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో విచారించమంది. ముందు శిక్ష, తర్వాత విచారణ!

కంప్యూటరుకు కులం లేదు, లంచం లేదు, భాషాభిమానం లేదు అంటారు పెద్దలు. పాత మేనేజర్లందరూ ధర్మరాజులని నేనూ అనను. కానీ వారి బల్ల ముందు నిలబడి ఎందుకని అడగగలిగేవాళ్లం, పైవారికి అర్జీ పెట్టగలిగేవాళ్లం. యంత్రంలో పక్షపాతం ఉంటే అది అంకెల చాటున దాక్కుంటుంది. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం విషయంలో వేలాది తల్లిదండ్రులపై మోసగాళ్లన్న ముద్ర పడింది. అనుమానితులను ఏరే లెక్కలో జాతీయతను కూడా కలిపారు. 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేయవలసి వచ్చింది.

యూరపులో 2018 నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం, కేవలం యంత్రం ఇచ్చిన పెద్ద నిర్ణయాన్ని మనిషి చేత తిరిగి చూపించమనే హక్కు ఉంది. మన 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో తప్పు దిద్దించుకునే హక్కు ఉంది గాని, ఈ హక్కు లేదు.

ఉన్న హక్కునైనా వాడుకుందాం. ప్రతి రుణ సమాచార సంస్థా ఏడాదికొకసారి మీ పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తెప్పించి చూడండి. మీ పేరుకు దగ్గరి పేరున్నవాడి బాకీ మీ నెత్తిన పడి ఉండవచ్చు. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2023లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది.

నేను కోరేది యంత్రాన్ని తీసేయమని కాదు. అది కూడికలు చేసుకోనివ్వండి. కానీ ఒక మనిషికి 'లేదు' అని చెప్పేటప్పుడు కారణం ఆ మనిషి భాషలో కాగితం మీద రాయాలి. కింద ఒక మనిషి సంతకం పెట్టాలి. ఆ సంతకం నాదే కావలసివస్తే పెట్టడానికి నేను సిద్ధం. పెట్టలేనినాడు ఆ అవ్వను వెనక్కి పంపే అధికారం నాకూ లేదు, నా బల్ల మీది పెట్టెకూ లేదు.