“సన్న” అను నొక్క మాటకు ఇంగ్లీషు మాటలెన్ని?

మన యిండ్లలో “సన్న” యను మాట వినబడని దినము లేదు. సన్న బియ్యము, సన్నని దారము, సన్నని త్రోవ, సన్నని గొంతు, సన్నని మనిషి: ఇన్నిటికిని తెలుగున నొక్క విశేషణమే చాలుచున్నది. ఆ మాటతోనే పెరిగిన బాలుడు తరగతిలో కూర్చుండి యింగ్లీషు వ్రాయునపుడు, అన్నిటికిని “థిన్” అనియే వ్రాయును. నంద్యాల యంగడిలో కొన్న సన్న బియ్యము “థిన్ రైస్” అగును. ఆళ్లగడ్డ పల్లెలోని సన్నని త్రోవ “థిన్ రోడ్” అగును. ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. బాలుడు, “నిఘంటువులో ఉన్న మాటయే కదా!” యని చిన్నబోవును.

నిఘంటువు అబద్ధ మాడలేదు. బాలుడును సోమరి కాడు. కాని బియ్యమునకు “ఫైన్”, త్రోవకు “నారో” యను మాటలు తగును. గొంతును “థిన్” అన్నచో బలము లేని గొంతని యర్థ మగును. ఇక మనిషి మాట వచ్చినప్పుడు, చెప్పువాని మనస్సుగూడ బయటపడును. “స్లెండర్” అన్నచో మెచ్చుకొనుట. “స్కిన్నీ” అన్నచో ఎముకలు కనబడుచున్నవని తక్కువ చేయుట. మనిషి యొక్కడే, మాటను బట్టి మర్యాద మారినది.

కావున సమానార్థములని మన మనుకొను విశేషణములను రెండు విధములుగా పరీక్షింపవలయునని నా యభిప్రాయము. మొదటిది: ఆ మాట ఏ నామవాచకముతో చెలిమి చేయును? రెండవది: ఆ మాటలో మెప్పున్నదా, నింద యున్నదా, రెండును లేవా?

చెలిమి మాట ముందుగా చూతము. నల్లమల కొండలు ఎత్తైనవి. మన తరగతిలో కడపటి బల్లపై కూర్చుండు మిత్రుడును ఎత్తైనవాడే. కాని కొండలు “హై”, మిత్రుడు “టాల్”. యాగంటి నంది పెద్దది. దానిని “బిగ్” అన్నను “లార్జ్” అన్నను చెల్లును. అయినను పెద్ద తప్పును “బిగ్ మిస్టేక్” అందురుగాని “లార్జ్ మిస్టేక్” అనరు. పెద్దన్న “ఎల్డర్ బ్రదర్”. అతడు తమ్మునికంటె పొట్టివాడైనను “ఎల్డర్” అనియే చెప్పవలయును. పైరు పచ్చనిది, పసుపు పూసిన గడపయు పచ్చనిదే. ఇంగ్లీషున మొదటిది “గ్రీన్”, రెండవది “యెల్లో”.

కొన్ని మాటలు కవలపిల్లలవలె నుండి మోసపుచ్చును. మన సీమలోనే దీనికి మంచి యుదాహరణ మున్నది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీ ప్రభుత్వముపై తిరుగుబాటు చేసెను. 1847లో కోయిలకుంట్లయందు ఆయనను ఉరిదీసిరి. ఆ తిరుగుబాటు “హిస్టారిక్”, అనగా చరిత్రలో నిలిచిపోవు ఘనత గలది. ఆయన కథపై 2019లో వెలువడిన చలనచిత్రము “హిస్టారికల్”, అనగా గతచరిత్రకు సంబంధించినది. పాత కాగితము ప్రతిదియు “హిస్టారికల్” కావచ్చును గాని, ప్రతిదియు “హిస్టారిక్” కాజాలదు.

ఇక మెప్పు, నిందల సంగతి. ఆ యుయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 నాటి కరవులో అన్నార్తులకు అన్నము పెట్టి కీర్తి గడించెను. ఆయనను “జెనరస్” అనవలయును. “ఎక్స్‌ట్రావగెంట్” అన్నచో, విచ్చలవిడిగా ధనము పాడుచేసినవాడని చెప్పినట్లగును. రెండును విరివిగా వ్యయము చేయువానిని గూర్చిన మాటలే. ఒకటి దాతకు దండ వేయును; ఒకటి వానిపై బురద చల్లును.

నే నెఱిగిన యొక బాలుని సంగతి యిచ్చట చెప్పక తీరదు. ఆళ్లగడ్డ ప్రాంతపు సేద్యగాని కుమారుడు. చదువునకు ధనసహాయము కోరుచు ఒక విన్నపము వ్రాసికొని, పంపుటకు ముందు నాకు చూపెను. అందులో తన తండ్రి “స్టింజీ” యని వ్రాసియుండెను.

“ఏమబ్బాయీ, మీ నాయన పిసినారియా?” అని యడిగితిని.

వాడు తెల్లబోయి, “లేదు సార్! మా నాయన చినిగిన పంచె కట్టుకొని నాకు పుస్తకాలు కొంటాడు,” అనెను.

ఏదో యొక గైడు పుస్తకమున “మితముగా ఖర్చుపెట్టు” నను శీర్షిక క్రింద ఎకనామికల్, ఫ్రూగల్, థ్రిఫ్టీ, స్టింజీ యను నాలుగు మాటలు వరుసగా నుండెనట. కడపటిది పొట్టిగా నున్నదని వాడు తీసికొనెను. నేను అర్థము చెప్పగా, వాని కన్నులలో నీరు తిరిగెను. తన కోసమై కడుపు కట్టుకొన్న తండ్రిని, తన చేతివ్రాతతో లోభిగా చేసి పరుల యెదుట నిలుపబోయెను గదా! ఆ మాట కొట్టివేసి “థ్రిఫ్టీ” యని వ్రాసెను. మార్చినది యొక్క మాటయే; నిలిచినది తండ్రి గౌరవము.

“భావము తెలిసినచో చాలదా? పరాయి భాషలో నింత సన్నని విచార మెందుకు?” అని కొందరు పెద్దలు అడుగుదురు. పరీక్షలో రెండు మార్కులు పోవుటయే నష్టమైనచో నేనును ఊరకుందును. కాని యింగ్లీషున వ్రాయునవి పరీక్షలు మాత్రమే కావు. ఉద్యోగమునకు దరఖాస్తు, వైద్యునికి రోగి స్థితి, స్నేహితునికి యోగ్యతాపత్రము: వీనిలో విశేషణమే తీర్పు చెప్పును. చదువువాడు మన మనస్సును చూడలేడు. మన మాటనే చూచును.

కావున బాలబాలికలారా, సమానార్థక పదముల పట్టికలను వల్లించుట మానుడు. క్రొత్త విశేషణము కనబడినప్పుడు దానిని ఒంటరిగా వ్రాసికొనక, దాని నామవాచకముతో జతగా వ్రాసికొనుడు: “నారో రోడ్”, “ఫైన్ రైస్”, “హై హిల్”. దానిపై మెప్పున కొక గుర్తు, నింద కొక గుర్తు పెట్టుకొనుడు. వాక్యములలో ప్రయోగము చూపు నిఘంటువునే విప్పుడు. మన పొరుగున కడపకు 1820లో వచ్చిన సి. పి. బ్రౌను దొర మన భాషను నేర్చుకొని, తన తెలుగు నిఘంటువున మాటలకు ప్రయోగములనుగూడ కూర్చెను. పరదేశి మన మాట కంత శ్రద్ధ చూపినప్పుడు, మనము వారి మాటకు కొంత చూపలేమా?

అన్నిటికంటె ముందు తెలుగును చక్కగా తెలిసికొనుడు. పొదుపరికిని పిసినారికిని భేదము తెలుగున నెఱిగినవానికి, “థ్రిఫ్టీ”కిని “స్టింజీ”కిని భేదము తెలియుట కష్టము కాదు. ఆ బాలుడు తన తండ్రిని పిసినారి యని తెలుగున నెన్నడును అనియుండడు. తెలుగున అనని మాట ఇంగ్లీషున ఏల వ్రాయవలయును? కలము క్రింద పెట్టుటకు ముందు ఈ ప్రశ్న నొకసారి వేసికొనుడు.