ముందు డాక్టరు చెయ్యి, ఆ తర్వాతే స్కానింగ్

సిరిసిల్లలో మరమగ్గం నడిపే కార్మికుడు, కోరుట్లలో, మెట్‌పల్లిలో పొద్దంతా తల వంచి బీడీలు చుట్టే మహిళ, గోదావరిఖని, మందమర్రి గనుల్లో ఏళ్లుగా బరువులు మోసిన మనిషి, ఆదిలాబాద్ చేలల్లో పత్తి ఏరే కూలి... వీళ్లలో ఎవరు దవాఖానకొచ్చినా మాట ఇంచుమించు ఒకటే ఉంటుంది: జబ్బ గుంజుతోంది, చెయ్యి లేస్తలేదు. ఎక్కడని అడిగితే మెడకూ భుజానికీ మధ్య అరచెయ్యి వేసి చూపిస్తారు. సరిగ్గా ఆ చోటే డాక్టరును తికమక పెడుతుంది. ఆ నొప్పి మెడ వెన్నులో నరం నొక్కుకుపోయి పుట్టి ఉండొచ్చు, భుజం కీలులోనే పుట్టి ఉండొచ్చు. పైకి ఒకేలా కనిపించినా ఈ రెండింటికీ వైద్యం ఒకటి కాదు. భుజం బిగుసుకుపోయిన మనిషి మెడకు బెల్టు కట్టుకొని నెలలు గడిపితే భుజం మరింత బిగుస్తుంది. మెడ నరం నొక్కుకున్న మనిషికి భుజంలో సూది వేస్తే నరానికి ఒరిగేదేమీ ఉండదు. ఏది ఏదో తేల్చే పని ముందు డాక్టరు చేతులది, అవసరమైతే ఆ తర్వాత యంత్రానిది. మన దగ్గర ఈ వరుస తారుమారవుతోంది.

తికమకకు కారణం శరీర నిర్మాణంలోనే ఉంది. భుజాన్నీ చేతినీ ఆడించే నరాలు దాదాపు అన్నీ మెడ నుంచే బయలుదేరతాయి. ఐదో మెడ నరం దెబ్బతింటే భుజం మీది పెద్ద కండరం సత్తువ కోల్పోయి చెయ్యి పైకి లేవదు. భుజం లోపలి కండరాల పట్టీ చిరిగినా చెయ్యి లేవదు. కాబట్టి చెయ్యి లేవడం లేదన్న ఒక్క మాటను పట్టుకొని ఏదీ తేల్చలేం. కానీ నొప్పి ఎంతదాకా పాకుతోందో అడిగితే సగం దారి దొరుకుతుంది. నరం నొప్పి తరచుగా మోచేయి దాటి వేళ్లదాకా దిగుతుంది, తిమ్మిరిని వెంట తెస్తుంది. బొటనవేలు మొద్దుబారితే ఆరో నరం మీద, నడివేలైతే ఏడో నరం మీద, చిటికెన వేలైతే ఎనిమిదో నరం మీద అనుమానం. భుజం నొప్పి చాలావరకు మోచేయి పైనే ఆగిపోతుంది. ఆ పక్కకు తిరిగి పడుకోనివ్వదు, తల దువ్వుకోనివ్వదు, వీపు వెనక్కు చెయ్యి పోనివ్వదు. బీడీ కార్మికుల విషయంలో మూడో అనుమానితుడూ ఉన్నాడు. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి, లేచి చెయ్యి విదిలిస్తే తగ్గుతోందంటే మెడా భుజమూ కాదు, మణికట్టు దగ్గర నరాన్ని చూడాలి.

అడగడం అయ్యాక ముట్టుకొని చూడాలి. తలను నొప్పి ఉన్న వైపు వంచి పైనుంచి మెల్లగా నొక్కితే చేతిలోకి నొప్పి జివ్వున దిగే పరీక్షను 1944లోనే స్పర్లింగ్, స్కోవిల్ అనే వైద్యులు వివరించారు. ఇంకో పరీక్షకు డాక్టరు నొక్కాల్సిన పని కూడా లేదు. నొప్పి ఉన్న చేతిని ఎత్తి అరచేతిని నడినెత్తిన పెట్టుకోమంటే చాలు. మెడ నరం బాధ ఉన్నవాళ్లలో చాలామందికి అప్పుడు హాయిగా ఉంటుంది, ఎందుకంటే నరం మీది లాగుడు తగ్గుతుంది. భుజం చెడినవాళ్లు అదే పని చేయబోతే బాధతో మొహం చిట్లిస్తారు. భుజం వైపు చూస్తే, చెయ్యి పక్కకు ఎత్తేటప్పుడు 60 నుంచి 120 డిగ్రీల మధ్యే నొప్పి లేస్తే కండరాల పట్టీ నలుగుతోందని అనుమానించాలి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని డాక్టరే బయటికి తిప్పబోయినా తిరగకపోతే, ఎక్స్‌రేలో కీలు అరుగుదల కనిపించకపోతే, అది బిగుసుకున్న భుజం. దానికి మెడను నిందించి లాభం లేదు, చక్కెర పరీక్ష చేయించాలి. మధుమేహం ఉన్నవాళ్లలో ఈ జబ్బు మామూలుకన్నా ఎక్కువ.

ఈ పరీక్షలు అంత నమ్మదగినవా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. 2003లో వేనర్ బృందం 82 మందిని పరీక్షించి చూస్తే, స్పర్లింగ్ పరీక్ష ఒక్కటే నరం జబ్బు ఉన్నవారిలో సగం మందినే పట్టగలిగింది. ఒంటరిగా ఏ పరీక్షనూ నమ్మకూడదన్నమాట. కానీ అదే అధ్యయనంలో చేతిని చాపి నరాన్ని సాగదీసే పరీక్ష జబ్బున్నవారిని దాదాపు ఎవరినీ వదల్లేదు. అది మామూలుగా ఉంటే మెడ నరాన్ని చాలావరకు పక్కన పెట్టొచ్చు. ఈ రెండింటికీ తోడు తల నొప్పి ఉన్న వైపు 60 డిగ్రీలు కూడా తిరగకపోవడం, తలను పైకి లాగి పట్టుకుంటే నొప్పి తగ్గడం, నాలుగూ కలిసొస్తే నరం జబ్బు ఉందనే వైపు మొగ్గు సుమారు 30 రెట్లు పెరిగింది. అధ్యయనం చిన్నది, ఆ అంకెను వేదవాక్కుగా తీసుకోనక్కర్లేదు. అయినా దిక్కు స్పష్టంగానే ఉంది.

ఇంత తంటా ఎందుకు, ఎంఆర్ఐ తీస్తే లోపలున్నదంతా కనిపిస్తుంది కదా అన్నది ఇంకో అభ్యంతరం. కనిపిస్తుంది, కనిపించాల్సిన దానికన్నా ఎక్కువే కనిపిస్తుంది. జపాన్‌లో ఏ బాధా లేని 1,211 మందికి మెడ స్కానింగ్ చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో 87.6 శాతం మందికి డిస్కు ఉబ్బి ఉంది. భుజం సంగతీ అంతే. 1995లో షెర్ బృందం ఏ నొప్పీ లేని 96 మందిని చూస్తే మూడో వంతు మందిలో కండరాల పట్టీ చిరుగులు బయటపడ్డాయి. అంటే భుజం నొప్పితో వచ్చిన యాభై ఏళ్ల మనిషికి చెయ్యి వేసి చూడకుండా మెడ స్కానింగ్ రాస్తే, రిపోర్టులో డిస్కు ఉబ్బు ఉండనే ఉంటుంది. దోషి దొరికాడని అందరూ అనుకుంటారు. అసలు దోషి భుజంలో హాయిగా ఉంటాడు. మెడా భుజమూ రెండూ చెడిన మనిషి విషయంలోనూ ఏది ఎంత బాధిస్తోందో ఫిల్ములో రాసి ఉండదు, పరీక్షే చెప్పాలి.

ఓపీ బయట అంత లైను ఉంటే తీరిక ఎక్కడిది అని డాక్టర్లు అంటారు. నిజమే, ఆ రద్దీ వాళ్లు తెచ్చింది కాదు. కానీ పైన చెప్పిన వాటికి కావాల్సింది కొన్ని నిమిషాలే. తప్పు దారిన పోయిన రోగి మూడు నెలలకు మళ్లీ అదే లైనులో నిలబడతాడు, అప్పుడు ఖర్చయ్యే సమయం ఎవరూ లెక్కవేయరు. పైగా 2016 జిల్లాల విభజనతో పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి ప్రధానంగా ఏర్పడిన ఎనిమిది జిల్లాల్లోనూ ఇవాళ ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆదిలాబాద్ రిమ్స్ 2008 నాటిది. మంచిర్యాల, జగిత్యాల, రామగుండం కళాశాలలు 2022లో, కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్ కళాశాలలు 2023లో మొదలయ్యాయి. అక్కడ చదివే పిల్లలు స్కానింగ్ రిపోర్టు చదవడానికి ముందు చొక్కా విప్పించి రెండు భుజాలూ పోల్చి చూడడం నేర్చుకుంటే, ఆ అలవాటు రేపు మండల దవాఖానకూ చేరుతుంది. ఫిజియోథెరపిస్టులకు ఈ పరీక్షలు కొట్టిన పిండి. ఓపీలో మొదటి వడపోత వాళ్లకు అప్పగించడానికి అడ్డేమిటో ఆరోగ్య శాఖ చెప్పాలి.

స్కానింగే వద్దని కాదు. చేతిలో సత్తువ రోజురోజుకూ తగ్గుతున్నా, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైనా, నడక తూలుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా వెన్నుపాము నలుగుతోందేమోనని వెంటనే తీయించాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రంతా వదలని నొప్పి ఉన్నా ఆలస్యం కూడదు. ఎడమ చెయ్యి లాగుతూ ఛాతీ బరువెక్కి చెమటలు పడితే ఈ చర్చంతా పక్కన పెట్టి గుండె దవాఖానకు పరుగెత్తాలి. ఇవేవీ లేనివాళ్లు మాత్రం కంగారు పడనక్కర్లేదు. అమెరికాలోని రోచెస్టర్‌లో 1976 నుంచి 1990 వరకు మెడ నరం జబ్బు వచ్చిన 561 మందిని గమనిస్తే, చివరిసారి చూసేనాటికి 90 శాతం మందికి బాధ పూర్తిగా పోయింది, లేదా కొద్దిగానే మిగిలింది. జబ్బ గుంజుతోందని దవాఖానకు వెళ్లినప్పుడు మెడ నుంచి వేళ్లదాకా ముట్టుకొని చూడమని డాక్టరును అడగండి. చూడకుండానే స్కానింగ్ రాస్తే, దేనికోసం వెతుకుతున్నారో చెప్పమనండి.