మారని తాళపుచెవి

ఒక వీధిలోని ఇండ్లన్నిటికిని ఒకే తాళపుచెవి పట్టునని తెలిసినచో, ఆ రాత్రి ఆ వీధివారికి కంటికి నిద్ర వచ్చునా? తాళములు చేసి యమ్మినవానిని నిలదీయక మానుదురా? కాని నేడు మన యిండ్లలోను, అంగళ్లలోను, కార్యాలయములలోను నెలకొనుచున్న కెమెరాలు, రూటర్లు, మీటర్ల విషయమున ఈ ప్రశ్న నడుగువారు మిక్కిలి అరుదు. ఈ యంత్రములు ఇంటర్నెట్టు మార్గమున ఒండొంటితో రేయింబవళ్లు సంభాషించుచున్నవి. తనతో మాటలాడుచున్నది తనవాడో, వేషధారియో యంత్రము గుర్తించుటకు రహస్యమైన తాళపుచెవి యొక్కటియే ఆధారము. ఆ చెవి యెన్నటికిని మారనిదైనచో, ఒక్కమారు దొంగచేత జిక్కినది చిరకాలము దొంగసొమ్మే యగును.

ఇది వట్టి యూహ గాదు. 2016వ సంవత్సరమున 'మిరాయ్' అను దుష్ట ప్రోగ్రామొకటి లోకమెల్ల సంచరించి లక్షలకొలది కెమెరాలను, రూటర్లను లోబరచుకొనెను. దాని యాయుధ మేమి? కర్మాగారములలో పెట్టిన పేర్లును పాస్‌వర్డులును గల పట్టిక. అందలి జంటలు అరువదికి కొంచెము హెచ్చు. కొన్నవారు వానిని మార్చలేదు. మార్చవలెనని అమ్మినవారు నిర్బంధింపలేదు. ఆ యేట అక్టోబరు 21వ తేదీన ఈ యంత్రసేన డైన్ అను అమెరికా సంస్థపై బడగా, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్సు వంటివి సైతము గంటలకొలది అనేకులకు అందకుండ పోయినవి. తమ గోడమీది కెమెరాయే ఆ దాడిలో పాల్గొనెనని దాని యజమానులు చాలమంది యెరుగనైన ఎరుగరు. ఒకని యజాగ్రత్త ఊరివారి కెల్ల కీడయ్యెను.

తాళపుచెవిని మార్చుచుండుట క్రొత్త యుపాయము గాదు. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మను సైన్యము తన ఎనిగ్మా యంత్రపు అమరికలను దినదినము మార్చుచుండెను. నిన్నటి అమరికను కనిపెట్టిన ఇంగ్లీషు పండితులు అర్ధరాత్రి దాటగనే మరల మొదటినుండి శ్రమింపవలసి వచ్చెను. అయినను మార్పు మాత్రమే చాలదని ఆ యంత్రపు చరిత్రయే చెప్పుచున్నది. ప్రతి సందేశమునకు వేరు చెవిని ఏర్పరచి, దానిని సందేశారంభమున రెండేసి మారులు పంపు వాడుక వారికుండెను. ఆ చిన్న సందుననే 1932లో పోలండు గణితజ్ఞుడు మారియన్ రెయెవ్‌స్కీ లోన ప్రవేశించెను.

మోటారుకార్ల తలుపులు తెరచు కీలాక్ అను పద్ధతియు నిట్టిదే. మీట నొక్కినప్పుడెల్ల క్రొత్త సంకేతము వెలువడును. పాత సంకేతమును పట్టుకొన్న దొంగకు లాభము లేదు. కాని 2008లో జర్మనీయందలి బోహుమ్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, ఆ పరికరము విద్యుత్తును వాడుకొను తీరును కొలిచి, తయారుదారుని మూలపు చెవినే వెలికి దీసిరి. పిదప ఒక మీట పంపిన రెండు సంకేతములను విన్నంతనే దానికి నకలు సిద్ధమయ్యెను. పిల్లచెవులు మారుచునే యున్నవి; తల్లిచెవి మారలేదు.

మేలైన మార్గము లేకపోలేదు. ఇరువురు బహిరంగముగ మాటలాడుకొనుచునే, వినువారికి తెలియకుండ ఒక రహస్యమును కల్పించుకొనగల విధానమును 1976లో డిఫీ, హెల్‌మన్ అను పండితులు ప్రకటించిరి. ప్రతి సంభాషణమునకు క్రొత్త చెవిని పుట్టించి, పని ముగియగనే నశింపజేసినచో, నేటి సంభాషణమును దాచియుంచుకొన్న దొంగ రేపు శాశ్వతపు చెవిని అపహరించినను పాత మాటలను చదువజాలడు. 2018లో వెలువడిన టీ.ఎల్.ఎస్. 1.3 నియమావళి, ఈ గుణము లేని పాత మార్పిడి పద్ధతిని తొలగించినది. వెబ్‌సైటుల గుర్తింపు పత్రములకు నాడు 398 దినములుగా నున్న గరిష్ఠపు గడువును అంచెలంచెలుగ తగ్గించి, 2029 మార్చి నాటికి 47 దినములు చేయవలెనని 2025లో నిశ్చయింపబడినది. గడువు లేని నమ్మకము నమ్మకము గాదని పెద్ద సంస్థలే యొప్పుకొన్నవి.

"దినమున కొక పాస్‌వర్డు నెవరు జ్ఞాపకముంచుకొందురు?" అని కొంద రాక్షేపింతురు. ఆక్షేపణ న్యాయమైనదే. మనుష్యులను మాటిమాటికి మార్పుమని పీడించినచో, పాతదాని చివర ఒక అంకెను చేర్చి యూరకుందురు. అందువలననే అమెరికా ప్రమాణముల సంస్థ 2017లో అట్టి నిర్బంధము వలదని సెలవిచ్చినది. మేము కోరునది గృహస్థునకు క్రొత్త భారము గాదు. యంత్రముల నడుమ చెవులను యంత్రములే మార్చుకొనవలయును. ఆ యేర్పాటు తయారుదారుని బాధ్యత కావలయును.

దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లు చట్టములును మేల్కొనుచున్నవి. కాలిఫోర్నియా 2020 నుండియు, బ్రిటను 2024 నుండియు సర్వసామాన్యపు పాస్‌వర్డులను నిషేధించినవి. మన దేశమునను 2025 ఏప్రిలు నుండి ఇంటర్నెట్టు కెమెరాలు భద్రతా పరీక్షకు నిలువవలయునని నిబంధన యేర్పడినది. సంతోషమే. కాని పరీక్ష కెమెరాలతో ఆగరాదు. 2021లో కేంద్ర ప్రభుత్వ మారంభించిన పథకమున 25 కోట్ల స్మార్టు మీటర్లు నిర్దేశింపబడినవి. ఏండ్ల తరబడి గోడమీద నుండవలసిన ఆ మీటరు, పెట్టిననాటి చెవితోనే ముసలిది కావచ్చునా?

కావున టెండర్లు పిలుచు ప్రతి పురపాలక సంఘమును, ప్రతి విద్యుత్ సంస్థయు మూడు షరతులు వ్రాయవలయును: ప్రతి యంత్రమునకు దానిదే యైన చెవి, నిర్ణీతకాలమున తనంత తాను మారు ఏర్పాటు, చెవి దొంగచేత బడినచో వెంటనే రద్దుచేయు సాధనము. పాఠకులును కెమెరా కొనునప్పుడు వెలతో పాటు ఈ మూడింటిని అడుగుదురు గాక. అడుగని కొనుగోలుదారుని కొరకు ఏ వర్తకుడును మంచి తాళము చేయడు.