గుండె చికిత్సకు గడువెంత?

హృదయధమని పూర్తిగా మూసికొనిపోయిన రోగి ఆసుపత్రి వాకిట నిలిచినప్పుడు 90 నిమిషములలో బెలూనుతో దానిని తెరవవలెనను నియమమును నేడు ఏ గుండె వైద్యుడును కాదనడు. చిక్కెల్ల మెట్లెక్కునప్పుడు మాత్రమే ఛాతీ పట్టివేయు రోగి విషయముననే. 1948లో వెలసిన బ్రిటిషు జాతీయ ఆరోగ్యసేవ, ఇంగ్లండులో అట్టివానికి 18 వారములలో చికిత్స మొదలుకావలెనని గడువు విధించి, గడువు దాటినవారి సంఖ్యను నెలనెలా తానే ప్రకటించి తిట్లు తినుచున్నది. (ఆ తిట్లు దానికి గౌరవమే.) అమెరికాలో వరుస పొట్టిది, కాని బీమా లేనివాడు తరచు ఆ వరుసలోనికే రాడు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమున మొదలైన ఆరోగ్యశ్రీ పథకము బీదవానికి బైపాసును అందుబాటులోనికి తెచ్చినది, సందేహము లేదు; అయినను యాంజియోగ్రాము సీడీని చేతిసంచిలో పెట్టుకొని వరండాలో కూర్చున్న రైతు, ముందస్తు అనుమతికై ఎన్నిదినములు, మంచమునకై ఎన్నిదినములు వేచెనో వేరువేరుగా, ఆసుపత్రివారీగా, ప్రతిమాసము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు రెండును పత్రికలలో ప్రకటింపవలెను.