అట్లూరి దారి, ఐ-20 దారి

విదేశాల్లో ఏరోస్పేస్ ఎం.ఎస్. చేస్తామనే పిల్లలు ముందు అడిగేది సీటు ఎక్కడ వస్తుందని. ఉద్యోగం ఎవరిస్తారన్న ప్రశ్న ఐ-20 (అమెరికా వీసాకు విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశపత్రం) చేతికొచ్చి, పొలం కాగితాలు బ్యాంకుకు చేరాక గానీ గుర్తురాదు. కంప్యూటర్ సైన్సులో ఈ వరస కొన్నాళ్లు చెల్లింది. ఏరోస్పేస్‌లో చెల్లదు.

అడ్డు అమెరికా చట్టంలోనే ఉంది. ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనల ప్రకారం రాకెట్లు, క్షిపణుల వంటి వాటి సాంకేతిక వివరాలను విదేశీయుడికి అమెరికాలోనే చూపించినా ఎగుమతి కిందే లెక్క. అనుమతి లేకుండా చూపితే కంపెనీకి శిక్ష. అందుకే స్పేస్‌ఎక్స్ వంటి సంస్థలు పౌరసత్వమో గ్రీన్‌కార్డో శరణార్థి హోదానో ఉండాలంటాయి. నాసా ప్రభుత్వోద్యోగాలు సాధారణంగా పౌరులకే. ఎన్ని మార్కులున్నా విద్యార్థి వీసా (ఎఫ్-1) మీదున్న కుర్రాడు ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. 2021 జులైలో అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చిన బండ్ల శిరీషను చూపి ఆశపెట్టేవాళ్లు, ఆమె చిన్నతనం నుంచీ హ్యూస్టన్‌లోనే పెరిగారన్న సంగతి కూడా చెప్పాలి.

అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు, ఇంకో దారి ఉంది. 1945లో గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం కాకినాడలో ఇంజనీరింగ్, బెంగళూరు ఐఐఎస్‌సీలో పీజీ చదివి, 1969లో ఎంఐటీ నుంచి ఏరోనాటిక్స్‌లో డాక్టరేట్ పొందారు. ఆయన పట్టుకున్నది విమానాల పగుళ్ల సమస్య. విమానం ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి దాని ఒళ్లు ఉబ్బుతుంది, దిగాక సర్దుకుంటుంది. వేలసార్లు అలా జరిగేసరికి రివెట్ల రంధ్రాల దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు పుడతాయి. అవి ఒకదానితో ఒకటి కలిస్తే ఏమవుతుందో 1988లో హవాయి మీద అలోహా ఎయిర్‌లైన్స్ విమానం చూపించింది. ఆకాశంలో ఉండగానే ముందు భాగం పైకప్పు లేచిపోయింది. ఇలాంటి పగులు ఎంత వేగంగా పాకుతుందో కంప్యూటర్ మీద ముందే లెక్కగట్టే విద్యలో అట్లూరి ప్రపంచానికి పెద్దగా నిలిచారు. జార్జియా టెక్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు. 2013లో పద్మభూషణ్ అందుకున్నారు.

ఆ తరహా పరిశోధన పత్రికల్లో బహిరంగంగా అచ్చవుతుంది కాబట్టి సాధారణంగా ఐటార్ పరిధిలోకి రాదు. నిర్మాణ బలం, గాలి ప్రవాహం, లోహాలు, గణన పద్ధతులు విదేశీ విద్యార్థికి తలుపు తెరిచి ఉంచిన గదులు. అక్కడికి ర్యాంకుల పట్టిక చూసి కాక, ప్రొఫెసర్‌ను చూసి దరఖాస్తు చేయాలి. ఆయన రాసిన రెండు పరిశోధనా పత్రాలు చదివి, తనకేం అర్థమైందో, ఎక్కడ ఆగిపోయాడో రాసిన ఉత్తరానికి విలువుంటుంది. “చిన్నప్పుడు డాబా మీద పడుకుని విమానాలు చూసేవాణ్ణి” అంటూ కన్సల్టెన్సీ అందరికీ రాసిచ్చే ఎస్ఓపీకి (దరఖాస్తుతో పంపే ఉద్దేశ ప్రకటనకు) ఉండదు. ఆర్థిక సాయం ఎక్కువగా పీహెచ్‌డీకే వస్తుంది, దాని గడువులు చాలావరకు డిసెంబరులోనే ముగుస్తాయి. అందుకే ఎం.ఎస్.కు అప్పు చేసేకన్నా, గేట్ రాసి ఐఐఎస్‌సీలోనో ఐఐటీలోనో స్టైపెండ్‌తో ఎం.టెక్. చేసి పీహెచ్‌డీకి వెళ్లడం ఇప్పటికీ మేలైన దారి అని నా అభిప్రాయం. జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు గానీ మన డిగ్రీలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్, ఏడాది ఖర్చుకు ముందే జమచేసే సొమ్ము తప్పవు.

అమ్మానాన్నలకు ఒక్క మనవి. మాగాణి తాకట్టు పెట్టేముందు ఆ విశ్వవిద్యాలయ విభాగానికి మీ అబ్బాయి చేత, అమ్మాయి చేత ఒక ఈమెయిల్ రాయించండి: గత మూడేళ్లలో ఇక్కడ ఏరోస్పేస్ చదివిన విదేశీ విద్యార్థులు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? జవాబు వచ్చాకే సంతకం పెట్టండి.