రసాయన శాస్త్రమంటే జంకెందుకు?

పదో తరగతి పిల్లలు రసాయన సమీకరణం కనబడితే పుస్తకం మూసేస్తున్నారు. తెలివి చాలక కాదు, కంటితో చూడనిదాన్ని బట్టీ పట్టలేక.

మన ఇంట్లో లేని రసాయనమా? కాల్చిన సున్నపురాయిపై నీళ్లు పోస్తే కుతకుత ఉడుకుతుంది. చల్లారిన సున్నపు తేటలోకి గొట్టంతో ఊదితే, ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ వల్ల తేట పాలలా తెల్లబడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి; దానిలో చింతపండు పులుసు పిండితే మళ్లీ పసుపు రంగే. ఆమ్ల, క్షారాల పాఠమంతా ఇదే.

బడి బీరువాల్లో తాళం పడి ఉన్న గాజు సామాను బయటికి తీయాలి. వారానికి ఒక పీరియడైనా ఉపాధ్యాయులు దగ్గరుండి ప్రయోగాలు చేయించాలి. తల్లిదండ్రులు కూడా ‘మార్కులెన్ని?’ అనే ముందు ‘ఇవాళ ఏం చేసి చూశావు?’ అని అడగాలి. అప్పుడు పిల్లలు పుస్తకం తామే తెరుస్తారు.