తెగిన నాడి - దాటుచున్న గడువు

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు చెంతనున్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపున మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినితో కనిపెట్టెను. ఆ పేరు చెప్పుకొని మన పట్టణవాసులు గర్వించుట సహజము. కాని గడచిన యశస్సును తలచుకొని తృప్తి నొందుటకంటె, ఆ సూక్ష్మదర్శిని నేడు శస్త్రవైద్యుని చేతిలో ఎట్టి మేలు చేయగలదో, ఆ మేలు మన జనులకు సకాలమున ఏల అందకున్నదో విచారించుట యుక్తమని మేము తలంచుచున్నాము.

సంక్రాంతి వచ్చినది మొదలు మన మిద్దెలమీదను, పరేడు మైదానమునను గాలిపటములు ఎగురును. పండుగను మేము నిందింపము. కాని గాజుపొడి పూసిన నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లో దేశమంతట నిషేధించినను, దానివలన గాయపడినవారి వార్తలు ఆగలేదు. ద్విచక్రవాహనముపై పోవువాడు మెడకు తగులబోవు దారమును చేతితో అడ్డుకొనును. మెడ దక్కును, చేయి తెగును. కిటికీ అద్దము పగిలి మణికట్టు తెగినవారును, కొడవలివలన, యంత్రమువలన గాయపడినవారును ఇట్టివారే. ఆస్పత్రిలో నెత్తురు కట్టించి, చర్మము కుట్టి, కట్టు కట్టి ఇంటికి పంపుదురు. పది దినములలో గాయము మానును. వ్రేళ్లు మాత్రము మొద్దువారియుండును. “నరము తెగినది, అదే సర్దుకొనును” అని ఇరుగుపొరుగువారు ఓదార్తురు.

ఈ “నరము” అను మాటలోనే మన అజ్ఞానము కొంత దాగియున్నది. నెత్తురు పారు నాళమును, కండరమును ఎముకకు బంధించు స్నాయువును, స్పర్శను చలనమును మోయు నాడిని, మూటిని మనవారు నరమనియే పిలుతురు. రక్తనాళము తెగిన కంటికి కనబడును. స్నాయువు తెగిన వ్రేలు వ్రేలాడును. నాడి తెగినచో కేకవేయదు, నెత్తురోడదు. అడిగి చూచిననేగాని తెలియదు.

నాడి యనగా వేలకొలది సన్నని తంతువుల కట్ట. అది తెగినపుడు తెగినచోటికి దిగువనున్న తంతువులు నశించునని 1850లో ఆగస్టస్ వాలర్ అను పండితుడు చూపెను. అయినను వానిని చుట్టియుండిన గొట్టములు కొంతకాలము నిలిచియుండును. పైభాగమునుండి క్రొత్త మొలకలు పుట్టి, దారి దొరకినచో ఆ గొట్టములలోనికి చొరబడి దినమునకు ఇంచుమించు ఒక మిల్లీమీటరు చొప్పున సాగును. మణికట్టునుండి వ్రేలి కొనకు పోవుటకు ఆరు నెలలు పట్టును. చంకలో తెగిన నాడి అరచేతి కండరములను చేరుటకు ఒకటిన్నర రెండు సంవత్సరములు కావలయును. నాడిలేని కండరమో, సంవత్సరము పైబడినకొలది క్షీణించి, పిదప నాడి వచ్చినను పలుకజాలదు. ఇది చిన్న బడిలోని బాలుడు సైతము వేయగల లెక్క. ఆలస్యమైన ప్రతి నెలయు తిరిగిరాని నెలయే.

శస్త్రవిద్య మాత్రము నిలిచియుండలేదు. రెండవ ప్రపంచయుద్ధపు గాయములను పరీక్షించిన హెర్బర్ట్ సెడన్ 1943లో నాడీగాయములను మూడు తరగతులుగా విభజించి, తమంత తాము మానునవి ఏవో, కుట్టవలసినవి ఏవో వివరించెను. 1960 తరువాత సూక్ష్మదర్శిని తెగిన నాడుల శస్త్రచికిత్సలో ప్రవేశించి, తలవెండ్రుక కంటె సన్నని దారముతో నాడీతంతువుల పొరను కుట్టుట సాధ్యమయ్యెను. తెగిన కొనలను బలిమిని లాగి కుట్టరాదనియు, ఎడమున్నచో కాలినుండి అంతగా అక్కరలేని స్పర్శనాడిని తెచ్చి అతుకవలయుననియు వియన్నా నగరపు హాన్నో మిల్లేసి 1972లో నిరూపించెను. మోటారు సైకిలు ప్రమాదములలో మెడకడ నాడులు తెగి మోచేయి వంగనివారికి, బాగున్న నాడినుండి కొన్ని తంతువులను మరలించి చేయి వంచు ఉపాయమును 1994లో ఫ్రాన్సు వైద్యుడు ఒబెర్లాన్ ప్రకటించెను. శస్త్రచికిత్స వెంటనే ఒక గంటసేపు స్వల్ప విద్యుత్తు ప్రసరింపజేసి మొలకలను త్వరపెట్టు ప్రయత్నములును జరుగుచున్నవి. ఇంతయైనను పెద్దవారికి చేయి పూర్వమువలె సంపూర్ణముగా రాదని ఒప్పుకొనవలయును. కాని అరకొర స్పర్శకును, స్పర్శలేమికిని గల భేదమును దర్జీని అడుగుడు, తాపీపనివానిని అడుగుడు. సూది గ్రుచ్చుకొన్నది తెలియని చేతితో దర్జీ ఏమి కుట్టును?

జ్వరములకే మంచములు చాలని దేశమున ఇది విలాసము గాదా యని కొందరందురు. గాయపడువారిలో అనేకులు సంపాదించు వయస్సువారు. వారి చేయి పడిపోయినచో ఇల్లు పడిపోవును. మేము ప్రతి పల్లెను సూక్ష్మదర్శిని కోరుటలేదు. గాయము కుట్టుటకు ముందు, మొద్దుబారు సూది వేయుటకు ముందు, ప్రతి వ్రేలి కొనను దూదితో తాకి “తెలియుచున్నదా?” యని అడుగుమనియు, వ్రేళ్లు చాపించి చూడుమనియు, ఆ ఫలితమును చీటీలో వ్రాయుమనియు కోరుచున్నాము. దీనికి కావలసినది రెండు నిమిషములు, చిటికెడు దూది.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 వాహనసేవ, ప్రాణమునకు గంటల గడువు గలదని మనకు నేర్పెను. నాడికి గడువు నెలలు. గంటలను కాపాడ నేర్చినవారము నెలలను జారవిడుచుట వింత గాదా?

కత్తి తగులకయే నాడులు చెడు వ్యాధియు మనలో నున్నది. కుష్ఠువ్యాధి నాడిని తినివేయును. నిజాము రాజ్యమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దీనికై ఆస్పత్రి నెలకొల్పెను. వెల్లూరులో పాల్ బ్రాండ్ 1948 ప్రాంతమున, బాగున్న స్నాయువును మరలించి ముడుచుకొనిన వ్రేళ్లను చాపించు చికిత్స నారంభించెను. 2005 చివర ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా తొలగినదని ప్రకటించిరి. అయినను లోకములోని క్రొత్త రోగులలో సగమునకు పైబడినవారు నేటికిని మన దేశమువారే. నాడి దెబ్బతినిన ఆరు నెలలలోపల మందిచ్చినచో అనేకుల చేయి దక్కును. ఇక్కడను గడువే ప్రధానము.

కావున ప్రభుత్వమునకు మా విన్నపములు మూడు. అత్యవసర వైద్యశాలలన్నిటను నాడీపరీక్ష నియమము కావలయును. నాడి తెగినదని తోచినవారిని తొలి దినములలోనే సూక్ష్మశస్త్రవైద్యుడున్న చోటికి పంపు ఏర్పాటు జిల్లాకొకటి యుండవలయును. 2007లో పుట్టిన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణమున 2023లో పది లక్షల రూపాయలకు పెంచిరి, సంతోషము. కాని కుట్టుటతో పని తీరదు, తరువాతి నెలల వ్యాయామచికిత్సయు, కూలి పోయిన ఇంటి తిండియు లెక్కలోనికి రావలయును.

పాఠకులకు ఒక్కటే మనవి. మీ బిడ్డకు మాంజా కొనకుడు. మీ వీధిలో ఎవని చేయి తెగినను, కట్టు కట్టించి తిరిగివచ్చినవానిని “నెత్తురు ఆగినదా?” యని మాత్రమే గాక, “వ్రేలి కొనకు స్పర్శ యున్నదా?” యని అడుగుడు. లేదన్నచో, సర్దుకొనునని ఓదార్పక, నాడే వెనుకకు ఆస్పత్రికి కొనిపొండు.